పదో పాయింటు దగ్గర

నోటీసు బోర్డు మీద అంపైర్ల జాబితా పొద్దున ఎనిమిదింటికే అతికించారు. రాజేశ్వరి అందులో తన పేరు వెతుక్కోలేదు. రెండో టేబులు, మహిళల డబుల్స్ సెమీఫైనల్ అని రిఫరీ ముందు రోజే చెప్పాడు. ఆమె చూసింది తన పేరు కింద ఉన్న పేరును. పద్నాలుగేళ్లుగా ఆ చోట ఎన్. శ్రీనివాసులు అని ఉండేది. ఇవాళ ఎస్. రజిని అని ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని లోపలికి నడిచింది.

అది తొంభై ఏడు ఫిబ్రవరి. తొమ్మిది దేశాల విశ్వవిద్యాలయాల జట్లు ఆటల పోటీలకని హైదరాబాదు వచ్చాయి. పరుగు పందాలు ఒక చోట, ఈత ఇంకో చోట, హాకీ మరో చోట పెట్టారు. టేబుల్ టెన్నిస్ మాత్రం యూనివర్సిటీ క్యాంపస్‌లోని ఇండోర్ హాలుకు వచ్చింది. రాజేశ్వరి పనిచేసే పరీక్షల విభాగం నుంచి ఆ హాలుకు నడిచి వెళితే పది నిమిషాలు. ఆ దారి ఆమె కాళ్లకు అలవాటే. అలవాటు లేనిదల్లా ఒంటరిగా వెళ్లడం.

ఆమె భర్త శ్రీనివాసులు యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసేవాడు. మొగుడూ పెళ్లాలిద్దరిదీ కదిరి దగ్గర పల్లె. ఉద్యోగాల కోసం వచ్చి తార్నాకలో అద్దె ఇంట్లో స్థిరపడ్డారు. పిల్లలు లేరు. ఒక ఏడాది కాలేజీల మధ్య పోటీలకు అంపైర్లు చాలక, నియమాల పుస్తకం చదివి చెప్పగల మనిషి ఎవరైనా రండని అడిగితే శ్రీనివాసులు వెళ్లాడు. ఆ మధ్యాహ్నం అతనికి క్యారియర్ పట్టుకొచ్చిన రాజేశ్వరిని, ఎదుటి కుర్చీ ఖాళీగా ఉందని కూర్చోబెట్టారు. సాయంత్రానికల్లా ఆమెకు ఆ పని నచ్చింది. ఇద్దరూ కలిసి అంపైర్ పరీక్ష రాశారు. ఆమె మొదటిసారికే గట్టెక్కింది, అతను రెండోసారికి. అప్పటి నుంచి ఎత్తు కుర్చీ ఆమెది. టేబులుకు అవతల చిన్న బల్ల ముందు కూర్చుని పాయింట్ల అంకెలు తిప్పే సహాయ అంపైర్ పని అతనిది. నీ గొంతు హాలు చివరిదాకా వినిపిస్తుంది, నాది నాకే వినిపించదు, నువ్వే ఎక్కు అనేవాడు. పెళ్లాన్ని పైన కూర్చోబెట్టి కింద తను అంకెలు తిప్పుతాడని లైబ్రరీలో ఎగతాళి చేస్తే, ఇంట్లో జరిగేదే బయటా జరుగుతోందని వాళ్లతో కలిసి నవ్వేవాడు.

పోయిన జులైలో ఒక ఆదివారం భోంచేసి చాప మీద నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదు.

ఈ పోటీల సంగతి తెలిసినప్పుడు ఇంటి యజమానురాలు సాలమ్మ, ఏడాది కూడా నిండలేదు, అప్పుడే ఆటల దగ్గరికి పోతావా అని నొచ్చుకుంది. ఆడేది నేను కాదులే అక్కా అంది రాజేశ్వరి.

రిఫరీ వెంకటసుబ్బారావు కూడా అదే మాట ఇంకో రకంగా అన్నాడు. ఆయన రిటైరైన లెక్చరర్. మెత్తగా మాట్లాడతాడు, మనసులోది మాత్రం దాచడు. వారం ముందు ఆమెను పిలిపించి, ఈసారికి ఊరుకోరాదా అని అడిగాడు. ఆఫీసులో పని చేస్తూనే ఉన్నానని ఆమె గుర్తు చేసింది. ఆఫీసు వేరు, కుర్చీ వేరమ్మా, ఆ కుర్చీలో మనసు ఒక్క నిమిషం పక్కకు పోయినా ఎవరో ఒక పిల్ల ఓడిపోతుంది అన్నాడాయన. అది నిజమని ఆమెకూ తెలుసు.

"సెమీఫైనల్ ఒక్కటి ఇవ్వండి సార్. నా వల్ల తప్పు జరిగితే నేనే దిగిపోతాను. మళ్లీ కుర్చీ అడగను."

"జరగకపోతే ఫైనల్ నీదే" అన్నాడాయన.

ఫైనల్ కుర్చీ ఆమె ఇంతవరకు ఎక్కలేదు. అయినా ఆమె మనసులో నిలబడింది తన మాటే. శ్రీనివాసులు ఎదురుగా లేకుండా ఆ పనికి తను పనికొస్తుందా, రాదా. తేలాల్సింది అది.

రజిని అప్పటికే టేబులు తుడిచి, నెట్టు ఎత్తు కొలిచి చూస్తోంది. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ పిల్ల. తండ్రి సత్తయ్య వర్క్‌షాపులో ఫిట్టరు. క్యాంపస్‌లో వ్యాయామ విద్య చదువుతూ కిందటేడు అంపైర్ పరీక్ష రాసింది. ఆ పరీక్షకు పాఠాలు చెప్పింది రాజేశ్వరే. మేడం చెప్తే మళ్లీ పుస్తకం తీయనక్కర్లేదని రజిని తోటి పిల్లలతో అంటుందని రాజేశ్వరికి తెలుసు. విన్నప్పుడు సంతోషమే కలిగింది.

హాలు కిటికీలన్నిటికీ నల్ల తెరలు కట్టారు. తెల్ల బంతి కనపడాలంటే వెనక చీకటి ఉండాలి. పట్టపగలే దీపాలు వెలుగుతున్నాయి. మెట్ల మీద జనం బాగానే ఉన్నారు. మన జట్టులో ఒకమ్మాయి నవనీత మాణికేశ్వర్ నగర్ పిల్ల కావడంతో ఆ బస్తీలో సగం అక్కడే ఉంది. ఆమె తండ్రి బిక్షం హాస్టల్ మెస్సులో వంట చేస్తాడు. మధ్యాహ్నం వంట తొందరగా దింపేసి, తోటివాళ్లతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నవనీతకు జోడీ స్వాతి. ఎడమచేతి వాటం, నిదానం మనిషి. ఎదుటి జట్టు శ్రీలంక అమ్మాయిలు, దిల్హానీ, నదీక.

డబుల్స్ ఆటను రాజేశ్వరి ఎన్ని వందలసార్లు చూసి ఉంటుందో. అయినా మొదటి బంతి పడగానే ఆమెకు ఒళ్లు మేలుకున్నట్టయ్యేది. జోడీలో ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి. ఎంత గొప్పగా కొట్టినా, కొట్టిన మరుక్షణం ఆ చోటు వదిలి పక్కకు తప్పుకోవాలి. లేకపోతే రెండో మనిషికి దారి ఉండదు. నవనీత ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టి, బంతి ఎక్కడ పడిందో చూడకుండానే వెనక్కి జారిపోయేది. ఆమె ఖాళీ చేసిన చోటులోకి స్వాతి ఎడమ చేయి అంతకుముందే వచ్చి ఉండేది. మూడేళ్లు రోజూ పొద్దున ఇదే హాలులో ఆడిన పిల్లలు వాళ్లు. ఒకరినొకరు చూసుకునే పనే లేదు. బూట్ల చప్పుడే వాళ్లకు చాలు. పైన కూర్చుని ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా పాయింట్లు పిలవడం రాజేశ్వరి పని. లోపల మాత్రం ఆమె వాళ్లకు దండం పెడుతూనే ఉంది.

లంక అమ్మాయిలూ తక్కువవాళ్లు కాదు. దిల్హానీ బంతిని చెంపదెబ్బలా కొడుతుంది. ఆ దెబ్బను స్వాతి ఒక్కతే నెమ్మదిగా ఆపగలదు. నవనీతకు అది చేతకాదు. తిరిగి అంతే బలంగా కొట్టబోయి నెట్టులో పెడుతుంది. డబుల్స్‌లో ఎవరి బంతి ఎవరికి రావాలన్నది గేమ్ మొదట్లోనే ఖాయమైపోతుంది. ఒక గేమ్‌లో దిల్హానీ బంతులు స్వాతికి వస్తే, తర్వాతి గేమ్‌లో నవనీతకు వస్తాయి. అందుకే మొదటి గేమ్ మనవాళ్లు గెలిచారు, రెండోది లంకవాళ్లు గెలిచారు. మూడోది ఆఖరిది. అందులో ఎవరికీ అన్యాయం జరగకూడదని ఒక నియమం ఉంది. అప్పట్లో గేమ్ ఇరవై ఒక్క పాయింట్లకు కాబట్టి, ఏదో ఒక జట్టు పది పాయింట్లకు చేరగానే పక్కలు మారాలి. అప్పుడు సర్వీసు అందుకోబోయే జట్టు తన వరస కూడా మార్చుకోవాలి. అంటే సగం ఆట ఒక వరసలో, సగం ఆట ఇంకో వరసలో సాగుతుంది.

మూడో గేమ్ మొదటి సగంలో దిల్హానీ బంతులు స్వాతికి వచ్చాయి. మనవాళ్లు చకచకా ముందుకు వెళ్లారు. పది–అయిదు. రాజేశ్వరి ఆ అంకె పిలిచి నోరు మూసేలోగా హాలంతా చీకటైపోయింది.

కరెంటు పోయింది. ఫారినోళ్లు వచ్చిన్రని గూడ చూడరారా అని మెట్ల మీద ఎవరో అన్నారు, జనం నవ్వారు. జనరేటర్ ఒక పట్టాన అందుకోలేదు. ఎవరో నల్ల తెర ఒకటి పక్కకు లాగితే ఎండ పలకలా నేల మీద పడింది. ఆ వెలుతురులో నలుగురు ఆటగత్తెలూ తువ్వాళ్లు కప్పుకుని, ఒకే సీసాలోంచి నీళ్లు తాగుతూ కూర్చున్నారు. పన్నెండు నిమిషాలకు దీపాలు వచ్చాయి. పక్కలు మారండని రాజేశ్వరి చెప్పింది. వాళ్లు మారారు. సర్వీసు నదీకది. అంతకుముందు వరస ప్రకారం నవనీత అందుకోవడానికి నిలబడింది. రాజేశ్వరి తలూపింది. ఆట మొదలైంది.

పదకొండు–అయిదు. పన్నెండు–అయిదు. దిల్హానీ చెంపదెబ్బలు ఇంకా స్వాతికే వస్తున్నాయి, స్వాతి వాటిని ఇంకా అలాగే ఆపుతోంది. పదమూడు. పద్నాలుగు. మెట్ల మీద ఈలలు మొదలయ్యాయి.

పద్నాలుగు–అయిదు అని పిలిచి, రాజేశ్వరి అలవాటు కొద్దీ ఎదుటి కుర్చీ వైపు చూసింది. రజిని అంకె తిప్పింది. చేయి మాత్రం అంకె మీదే ఉంది. ఒడిలోని కాగితం వంక చూసి, తలెత్తి రాజేశ్వరిని చూసి, వెంటనే కళ్లు దించుకుంది. రాజేశ్వరి చూపు ఆ పిల్ల చెవి మీద ఆగింది. చెవికి చిన్న దిద్దు ఉంది. ఇంకేమీ లేదు.

శ్రీనివాసులు చెవి మీద పెన్ను ఉండేది. అన్నివేళలా కాదు. ఆఖరి గేమ్‌లో ఎవరైనా తొమ్మిదికి రాగానే చొక్కా జేబులోంచి పెన్ను తీసి ఎడమ చెవి మీద పెట్టుకునేవాడు. కిరాణా కొట్టు మనిషిలా ఏమిటిది, నలుగురూ చూస్తారు అని ఆమె ఇంటికి వెళ్లాక విసుక్కునేది. అతను నవ్వి ఊరుకునేవాడు. మళ్లీ మ్యాచిలో మళ్లీ పెట్టుకునేవాడు. ఆ పెన్ను చూడగానే ఆమెకు పది దగ్గర వరస మార్చాలని గుర్తొచ్చేది. పెన్ను చూసి గుర్తొచ్చిందని మాత్రం ఆమె ఏనాడూ అనుకోలేదు. తనకే గుర్తుంటోందని అనుకుంది. పద్నాలుగేళ్లు అలాగే అనుకుంది. అతను ఒక్కసారి కూడా చెప్పలేదు.

అది తెలియడానికి పట్టిన సమయం ఎంతో కాదు. నదీక బంతిని అరచేతిలో పెట్టుకునేలోగా అంతా తెలిసిపోయింది. చేయి ఎత్తితే ఏం జరుగుతుందో కూడా తెలుసు. ఎవరూ అడగలేదు. ఇంకో ఏడు పాయింట్లు ఇలాగే పిలిస్తే మ్యాచి అయిపోతుంది. ఫైనల్ కుర్చీ తనదవుతుంది. తప్పు ఒకటి జరిగిందని తనకూ, ఆ పిల్లకూ తప్ప బహుశా ఎవరికీ తెలియదు.

రాజేశ్వరి చేయి ఎత్తింది.

ఆట ఆగింది. ఆమె నలుగురినీ దగ్గరికి పిలిచి ఇంగ్లీషులో చెప్పింది. పది దగ్గర అందుకునే వరస మారాలి, మార్చలేదు, తప్పు అంపైరుది. ఇప్పటి నుంచి నదీక సర్వీసు స్వాతి అందుకుంటుంది. వచ్చిన పాయింట్లు వచ్చినట్టే ఉంటాయి. లంక కోచ్ లేచి వచ్చాడు. నెరిసిన జుట్టు, చేతిలో మడత పెట్టిన టోపీ. ఆ నాలుగు పాయింట్లూ మళ్లీ ఆడించరా అని అడిగాడు. నియమం ఒప్పుకోదని ఆమె చెప్పింది. నియమం నాకూ తెలుసు, తప్పు ఎవరిదో ఇంకోసారి చెప్పండి అన్నాడు. నాది అని ఆమె ఇంకోసారి చెప్పింది. ఆయన ఆమె ముఖంలోకి ఒక నిమిషం చూసి, టోపీ పెట్టుకుని వెళ్లి కూర్చున్నాడు.

మెట్ల మీద వాళ్లకు ఇదంతా అర్థం కాలేదు. గెలుస్తున్న పిల్లలను ఆపిందన్నదే అర్థమైంది.

"ఏంది మేడం, మీది ఏ ఊరు? లంకనా?" అని బిక్షం పక్కనున్నతను కేకేశాడు.

జనం ఘొల్లుమన్నారు. బిక్షం మాత్రం నవ్వలేదు. కూర్చోరా, పిల్లల్ని ఆడనియ్యి అని అతన్ని చొక్కా పట్టి లాగాడు.

తర్వాత ఆట వేరుగా సాగింది. ఇప్పుడు దిల్హానీ దెబ్బలన్నీ నవనీత మీదికి వచ్చాయి. నవనీత తన అలవాటు ప్రకారం తిరిగి కొట్టబోయి నెట్టులో పెట్టింది, బయటికి పంపింది, ఒకసారి బ్యాటు అంచుకు తగిలించుకుంది. పద్నాలుగు–అయిదు కాస్తా పదహారు–పదమూడు అయింది. తర్వాత పద్ధెనిమిది–పదిహేడు. ప్రతి పాయింటు తర్వాతా స్వాతి నవనీత బ్యాటును తన బ్యాటుతో చిన్నగా తట్టింది, అంతే. రాజేశ్వరి పాయింట్లు పిలుస్తూ, ఒక్కో అంకెనూ తన చేత్తో మోసి కింద పెట్టినట్టు పిలిచింది. ఆ నాలుగు పాయింట్లు ఆమె కళ్ల ముందే ఉన్నాయి. వాటిని వెనక్కి తీసుకునే దారి లేదు.

ఇరవై–పంతొమ్మిది. నదీక సర్వీసు. స్వాతి దాన్ని నెమ్మదిగా నెట్టు మీదుగా దించింది. దిల్హానీ రెండు అడుగులు వేసి చెంపదెబ్బ కొట్టింది. ఇంతసేపూ చేసినట్టే నవనీత చేయి వెనక్కి లేచింది. లేచింది గాని ముందుకు రాలేదు. అక్కడే ఆపి, బ్యాటును బంతికి అడ్డం పెట్టింది. స్వాతి చేసే పని అది. మూడేళ్లు పక్కన నిలబడి చూసిందే తప్ప ఆ పిల్ల ఎన్నడూ చేయలేదు. బంతి మెత్తగా అవతలికి వెళ్లి పడింది. నదీక అంత మెత్తని బంతిని అనుకోలేదేమో, తొందరపడి బయటికి కొట్టింది.

హాలు కప్పు లేచిపోయేంత గోల. నవనీత తన బ్యాటును తనే వింతగా చూసుకుంటూ నిలబడిపోయింది. ఇరవై ఒకటి–పంతొమ్మిది అని రాజేశ్వరి పిలిచింది. తేడా రెండు. తన తప్పులో వచ్చినవి నాలుగు. ఆ లెక్క పూర్తిచేసే ఓపిక ఆమెకు లేకపోయింది.

చేతులు కలిపే వేళకు దిల్హానీ ఆమె దగ్గర ఒక క్షణం ఎక్కువ ఆగింది. కరెంటు పోయాక తమకూ అయోమయంగానే ఉండిందని, అడగడానికి బెదిరామని చెప్పింది. ఆపినందుకు థాంక్స్ అంది. ఆ పిల్ల చేయి చెమటతో చల్లగా ఉంది. రాజేశ్వరి దాన్ని రెండు చేతులతో పట్టుకుని వదిలింది.

రిఫరీ గదిలో రిపోర్టు కాగితం ముందు పెట్టుకుంది. లంక కోచ్ రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు, అంత వివరంగా రాయనక్కర్లేదని వెంకటసుబ్బారావు అన్నాడు. ఆమె రాసింది. ఏ పాయింటు దగ్గర, ఎన్ని పాయింట్లు, ఎవరి నిర్లక్ష్యం. నిర్లక్ష్యం అన్న మాట దగ్గర పెన్ను ఆగింది. ఇంకో మాట వెతికింది, దొరకలేదు, అదే ఉంచింది. గుమ్మం దగ్గర నిలబడిన రజిని అప్పుడు లోపలికి వచ్చింది.

"నా పేరు గూడ రాయండి మేడం. నేను మొదటి సర్వీసుకే చూసిన."

వెంకటసుబ్బారావు కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. రాజేశ్వరి కాగితం మీంచి తలెత్తకుండానే అడిగింది.

"చూసి చెప్పలేదేమ్మా?"

"మీరు తప్పు చేస్తరా, నేనే తప్పు చూస్తున్ననేమో అనుకున్న. రెండో పాయింటుకు ఖాయమైంది. గప్పుడు నోరు రాలే. ఇంత మంది ముందర మిమ్మల్ని ఎట్లంటా? సారు పోయినంక మొదటిసారి కూసున్నరు గదా."

రాజేశ్వరి పెన్ను కింద పెట్టింది. ఆ పిల్ల ఏడుస్తుందేమో అనుకుంది. ఏడవలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, శిక్షకు సిద్ధపడినట్టు నిటారుగా నిలబడి ఉంది.

"నా బాధకు నాలుగు పాయింట్లు ఇచ్చేసినావు కదమ్మా" అంది రాజేశ్వరి. "అవి మనవి కావు. ఆ పిల్లలవి."

రజిని తలూపింది. దాచుకోవచ్చు, దాచుకోలేదు. తను తటపటాయించి చేయి ఎత్తిన దానికంటే, అడక్కుండానే వచ్చి నిలబడిన ఈ పిల్ల ధైర్యం పెద్దదని రాజేశ్వరికి అనిపించింది. రజిని పేరు రాయకుండా వదిలేద్దామనుకున్నది దయే. కానీ ఇలా వచ్చి చెప్పిన మనిషిని వదిలేస్తే అది చిన్నపరచడమే అవుతుంది. సహాయ అంపైర్ గమనించి కూడా చెప్పలేదు అని ఇంకో వాక్యం చేర్చి, కాగితం తిప్పి రజినికి చూపించింది. రజిని చదివి కింద సంతకం పెట్టింది.

ఇక తన మాట మిగిలింది.

"నేను దిగిపోతున్నాను సార్" అంది రాజేశ్వరి.

ఆయన కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టాడు. ఫైనల్ ఇంకొకరికి ఇస్తానమ్మా, ఇవ్వక తప్పదు, అది నా పని అన్నాడు. మానుకోవడమా కాదా అన్నది నీ పని, అందులో నేను చెప్పేదేమీ లేదు అన్నాడు. జాబితా ముందుకు లాక్కుని, రేపు పొద్దున తొమ్మిదింటికి నాలుగో టేబులు మీద ఏడో స్థానానికి మ్యాచి ఉందని, దానికి వేసిన అంపైర్‌నే ఫైనల్‌కు తీసుకుంటున్నానని, ఆ కుర్చీకి ఇంకా మనిషిని చూడలేదని మామూలుగా చెప్పాడు.

రాజేశ్వరి, రజిని తార్నాక దాకా నడిచారు. ఎండ తగ్గింది. క్యాంపస్ రోడ్డు మీద పిల్లలు సైకిళ్ల మీద గుంపులుగా పోతున్నారు. బస్టాపు దగ్గరికి వచ్చాక రజిని, సారు ఉంటే ఇట్ల కాకపోవు గదా మేడం అంది. అవునంది రాజేశ్వరి. పెన్ను సంగతి అప్పుడు చెప్పింది. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. రజిని విని, మీకు ఎన్నడూ చెప్పలేదా అని ఆశ్చర్యపోయింది. చెప్పలేదంది. లాలాగూడ బస్సు వచ్చింది. రజిని ఎక్కి, కిటికీలోంచి ఇంకా ఏదో అడగబోయింది గాని బస్సు కదిలిపోయింది.

ఆ రాత్రి ఆమె అన్నం వండుకుంది, తిన్నది, గిన్నెలు కడిగింది. చేతులు ఏ పని చేస్తున్నా మనసు ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరిగింది. పద్నాలుగేళ్లు తన పనిలో సగం ఇంకొకరు చేశారు. చేస్తున్నట్టు తెలియకుండా చేశారు. తను పైన కూర్చుని మెప్పు పొందుతుంటే కింద కూర్చుని అంకెలు తిప్పుతూ సంతోషించారు. అంత నేర్పు, అంత ప్రేమ ఉన్న మనిషి తన పక్కన బతికాడు. ఆమెకు కోపం రాలేదు. కానీ ఒక్క మాట అడగాలనిపించింది. ఒక్కసారి నోటితో చెప్పి ఉంటే నేను నేర్చుకునేదాన్ని కదా. అడగడానికి ఎవరూ లేరు కాబట్టి ఆ మాట అలాగే ఉండిపోయింది. దీపం ఆర్పేముందు నియమాల పుస్తకం తీసి, డబుల్స్ వరస గురించిన పేజీని కొత్తగా పరీక్షకు చదివే పిల్లలా మొదటి నుంచి చదివింది.

పొద్దున ఎనిమిదిన్నరకు రిఫరీ గది ముందు నిలబడింది.

"నాలుగో టేబులు కుర్చీ ఖాళీగానే ఉందా సార్?"

"నిన్న దిగిపోతానన్నావు."

"అన్నాను సార్. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటాండా. నేర్చుకునేటప్పుడు దిగిపోతే ఎట్లా?"

ఆయన ఆమెను ఒకసారి చూసి, జాబితాలో ఖాళీ గీత మీద ఆమె పేరు తన చేత్తోనే రాశాడు. దాని కింద రజిని పేరు రాశాడు.

నాలుగో టేబులు హాలు చివర గోడ పక్కన ఉంది. నేపాల్ అమ్మాయిలు ఇద్దరు, మాల్దీవుల అమ్మాయిలు ఇద్దరు. చూసేవాళ్లు ఆరుగురికి మించి లేరు. వాళ్లలో ఇద్దరు ఫైనల్‌కు చోటు పట్టుకోవడానికి ముందే వచ్చి నిద్రపోతున్నారు. ఆట మొదలవకముందే రాజేశ్వరి రజినిని పిలిచి ఒకటే చెప్పింది. అనుమానం వస్తే వెంటనే నోరు తెరిచి చెప్పు, అది సరైనదా కాదా అని నువ్వు చూడొద్దు, అది నేను చూస్తాను. రజిని సరేనంది. నమ్మకంగా మాత్రం అనలేదు.

ఆ పిల్లల ఆట గొప్పదేమీ కాదు. అయినా ఒక్కో బంతికీ ప్రాణం పెట్టి ఆడారు. కొట్టి తప్పుకోవడం ఇంకా అలవాటు కాని మాల్దీవుల అమ్మాయిలు రెండుసార్లు ఒకరినొకరు గుద్దుకుని నవ్వుకున్నారు. మ్యాచి ఆఖరి గేమ్ దాకా వచ్చింది. తొమ్మిది దగ్గర రాజేశ్వరి ఎదుటి కుర్చీ వైపు చూడలేదు. పది, వరస, పది, వరస అని లోపల తనకు తనే చెప్పుకుంది. పది రాగానే పక్కలు మార్పించి, వరస మార్పించి, రాసిపెట్టుకున్న పేర్లతో ఒక్కొక్కరినీ సరిచూసి ఆట మొదలుపెట్టింది. ఆట సాగి పన్నెండు–తొమ్మిది అయింది.

అప్పుడు రజిని చేయి లేచింది.

"మేడం, ఆర్డర్."

ఆట ఆగిపోయింది. నలుగురు పిల్లలూ బ్యాట్లు దించి ఆమె వైపు చూశారు. నిద్రపోతున్నవాళ్లలో ఒకడు కళ్లు తెరిచాడు. రాజేశ్వరి కాగితం ఒళ్లో పెట్టుకుని, మొదటి గేమ్ నుంచి ఎవరు ఎవరికి సర్వీసు ఇచ్చారో, పది దగ్గర ఎవరు మారారో వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. తొందరపడలేదు. చివరిదాకా చూశాక మళ్లీ ఒకసారి చూసింది. వరస సరిగ్గానే ఉంది. వరస మారకముందు రాసిన గడిని చూసి రజిని పొరబడింది. అప్పటికి ఆ పిల్లకూ తెలిసిపోయింది. ముఖం కందిపోయింది.

"సారీ మేడం. నాదే తప్పు."

"వరస సరిగానే ఉందమ్మా" అంది రాజేశ్వరి. "అడిగినావు, చూసినాను. మళ్లీ అనుమానమొస్తే మళ్లీ అడుగు."

రజిని కుర్చీలో సర్దుకుని కూర్చుంది. రాజేశ్వరి పిల్లల వైపు తిరిగి, హాలు చివరిదాకా వినిపించే గొంతుతో పన్నెండు–తొమ్మిది అని పిలిచింది. నేపాల్ అమ్మాయి బంతిని అరచేతిలోంచి పైకి ఎగరేసింది.